ఉమ్మడి బీడులో ఇత్తడి చెంబు

ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలప్పుడు మా గేదె రంగి బీడులో తూర్పు ముఖంగా పడుకుంది. అది చేసిన తప్పు అంతే. కాస్త ముందే లేచి ఇంటికి వచ్చేసి ఉంటే ప్రభుత్వానికి దానితో ఏ పనీ ఉండేది కాదు.

మా ఊరు వెలిగలపాడు. పక్క ఊరు తంగెడుమూడి. రెంటికీ మధ్య నలభై ఎకరాల బీడు ఉంది. అది రెండు పంచాయతీలదీ కాబట్టి ఇన్నేళ్లూ ఏ పంచాయతీ దాని జోలికి పోలేదు. గొడ్లు మేసేవి. తుమ్మచెట్టు కింద నలుగురు ముసలాళ్లు చింతపిక్కలు పందెం పెట్టుకుని పేకాడేవాళ్లు. నేను పేడ ఎత్తుకునేదాన్ని. మా ఆయన పోయాక నాకు ఆధారం రంగే. అది ఈనితే ఆ ఏడాది నాకు బతుకు. అప్పుడు దానికి పదో నెల నడుస్తోంది.

ఆ మంగళవారం నేను పేడతట్ట నెత్తిన పెట్టుకుని రంగికి నలభై అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. జీపు ఒకటి వచ్చి ఆగింది. డ్రైవరు ఫోటో తీయడానికి ఫోను పట్టుకుని జీపు ముందు భాగం మీదికి ఎక్కాడు. వెనక సీటులోంచి నల్లకళ్లద్దాలు, నీలం గళ్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి దిగి, ఒక చేత్తో పొట్ట పట్టుకుని గబగబా నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, చెంబుందా?"

ఆయన మొహం చూశాక ఎందుకని అడగబుద్ధి కాలేదు. రంగి పొదుగు కడిగే ఇత్తడి చెంబు నీళ్లతో సహా ఇచ్చాను. మా ఆయన తిరనాళ్లలో కొన్న చెంబు. ఆయన అది అందుకుని తుమ్మపొద వైపు పరుగెడుతూ డ్రైవరును కేకేశాడు.

"ఏదీ వదలొద్దు! ఉన్నది ఉన్నట్టు మొత్తం పడాలి!"

డ్రైవరు ఏదీ వదల్లేదు.

తట్ట ఇంట్లో దించి, నాలుగు మెతుకులు తిని, రంగినీ చెంబునూ తెచ్చుకుందామని తిరిగి వెళ్లాను. అప్పటికే బీడు చుట్టూ ముగ్గుపిండితో గీత గీసి ఉంది. గీత మీద పంచాయతీ అటెండరు పోలయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"లోపలికి రాకూడదు పిన్నమ్మా. సంరక్షణ మొదలైంది."

"సరే నాయనా, నా గేదెను తోలియ్యి. నేను పోతా."

"అది కుదరదు. గేదెను గూడా రాసేశారు."

మూడో రోజున గీత పక్కనే ఉమ్మడి సభ పెట్టారు. మా సర్పంచి వీరనారాయణ, తంగెడుమూడి సర్పంచి అనసూయ ఒకే బెంచీ మీద చెరో చివర కూర్చున్నారు. మధ్యలో ఉమ్మడి భూముల సమన్వయాధికారి దైవాధీనం గారు. కళ్లద్దాలు తీశాడు గానీ నేను గుర్తుపట్టాను. నా చెంబు పట్టుకెళ్లినాయన ఆయనే. ఆయన నన్ను గుర్తుపట్టలేదు. ఆ వారం ఆయన పదకొండు బీళ్లు చూశాడనీ, వారమంతా పొట్ట బాగా లేదనీ డ్రైవరు తర్వాత చెప్పాడు. ఏ బీడులో ఎవరి చెంబు తీసుకున్నాడో గుర్తుండాలంటే ఎవరికైనా కష్టమే.

"రెండు పంచాయతీల ప్రజలారా! సదరు భూమిని సంరక్షిస్తూనే అభివృద్ధి చేయవలెను. అభివృద్ధి చేస్తూనే సంరక్షించవలెను. సంరక్షణ వెలిగలపాడు పంచాయతీ బాధ్యత. అభివృద్ధి తంగెడుమూడి పంచాయతీ బాధ్యత. ఒకరి పనికి మరొకరు అడ్డు రాకూడదు. సర్వే దినాన ఏది ఎక్కడ, ఎలా ఉందో అది అక్కడే, అలాగే ఉండాలి. దీన్నే యథాతథ స్థితి అంటారు."

బీడులో ఉన్నవన్నీ రాసిన పట్టిక అందరికీ తలా ఒకటి పంచారు. టౌను ఆఫీసులో గుమాస్తా ఎవరో ఆ రోజు డ్రైవరు తీసిన ఫోటో ముందు పెట్టుకుని తయారు చేశాడట. నాకు చదువు యాభై దాటాక వచ్చింది కాబట్టి వేలు పెట్టి మెల్లిగా చదువుతాను. మూడో అంశం గడ్డి. ఏడో అంశం తుమ్మపొద. తొమ్మిదో అంశం, గేదె ఒకటి, పడుకున్నది, తూర్పు ముఖం. పదో అంశం, గేదె వీపు మీద కొంగ ఒకటి. పదకొండో అంశం, నిండు తట్టతో స్త్రీ ఒకతె. పన్నెండో అంశం, పేకాట ఆడు వృద్ధులు నలుగురు. పద్నాలుగో అంశం, పొద వెనక గొంతుక్కూర్చున్న పురుషుడు ఒకడు, వీపు మాత్రమే కనిపించును. పదిహేనో అంశం, ఇత్తడి చెంబు ఒకటి.

నేను ఆగి పద్నాలుగు మళ్లీ చదివాను. తల ఎత్తి దైవాధీనం గారిని చూశాను. ఆయన నీళ్లు తాగుతున్నాడు.

పక్కన కూర్చున్న నాంచారమ్మ మోచేత్తో పొడిచింది. మా ఇంటి గోడా వాళ్ల ఇంటి గోడా ఒకటే. "ఏంది వదినా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తండావు?"

"ఏం లేదులే."

నలుగురిలో చెప్పే మాటా అది? మగమనిషి సంగతి, అందులోనూ ఆఫీసరు. నోరు మూసుకున్నాను. మూసుకోకపోయి ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది.

మర్నాటి నుంచి నా ఉద్యోగం మొదలైంది. రోజూ పదకొండింటికి నిండు తట్టతో వెళ్లి, ముగ్గుపిండితో గీసిన రెండు పాదాల గుర్తుల్లో నిలబడాలి. రంగి దగ్గరికి వెళ్లడానికి లేదు. ఫోటోలో వెళ్లలేదు కాబట్టి.

"ఎండలో నిలబడి నిలబడి తల తిరుగుతంది నారాయణా," అన్నాను మా సర్పంచితో.

"గౌరవం గదత్తా! ఊళ్లో ఇంతమంది ఉన్నారు, ఎవరికన్నా పట్టికలో చోటు దొరికిందా? నేను సర్పంచిని, నాకే దొరకలా!" నిజంగానే అతనికి ఆ బాధ ఉంది.

పేకాట ముసలాళ్లు మొదటి రెండు రోజులు సంబరపడ్డారు. మూడో రోజు పోలయ్య వచ్చి, ఫోటోలో బసవయ్య చేతిలో ఆఠీను రాణి ఉంది కాబట్టి రోజూ బసవయ్యకే ఆఠీను రాణి రావాలన్నాడు. నాలుగో రోజు నుంచి ఆట మానేసి, పేకలు పట్టుకుని ఊరికే కూర్చున్నారు. బసవయ్యకు తిమ్మిరెక్కి కాలు చాపితే రిజిస్టరులో రాశారు.

చిక్కు రంగితో వచ్చింది. అది లేచి గడ్డి మేసింది. తొమ్మిదో అంశం మూడో అంశాన్ని తినేస్తోందని పోలయ్య పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. అత్యవసర సమావేశం జరిగింది. గేదెను ఆపితే గేదె యథాతథంగా ఉండదు, ఆపకపోతే గడ్డి యథాతథంగా ఉండదు. మూడు గంటలు ఆలోచించి రంగి మూతికి చిక్కం కట్టించారు. గడ్డి బయటి నుంచి తెచ్చి, గీత అవతల చిక్కం విప్పి పెట్టి, మళ్లీ కట్టి తోలుకొచ్చి, తూర్పు ముఖంగా పడుకోబెట్టాలి. పడుకోబెట్టడానికి నలుగురు మనుషులు. అది పడమటికి తిరిగితే మొత్తం మళ్లీ మొదలు.

కొంగను మాత్రం ఎవరూ ఏమీ చేయలేకపోయారు. అది మొదటి రోజు వచ్చింది, రెండో రోజు తంగెడుమూడి పొలాల్లోకి పోయింది. మా పంచాయతీ వాళ్లు తంగెడుమూడికి తాఖీదు పంపారు. మీ పరిధిలో తిరుగుతున్న ఉమ్మడి కొంగను మూడు రోజుల్లోగా గేదె వీపు మీద హాజరుపరచవలెను అని. అనసూయ దానికి బదులు రాసింది. మా పొలాల్లో నూటఅరవై కొంగలున్నవి, తమది ఏదో గుర్తుపట్టి తీసుకెళ్లగలరు అని.

అభివృద్ధి వైపు అనసూయ ఊరుకోలేదు. బీడులో గుంత తవ్వకూడదు, రాయి కదపకూడదు, గడ్డి తొక్కకూడదు. అయినా శంకుస్థాపన ఆగడానికి వీల్లేదు. శిలాఫలకాన్ని జామకాయలమ్మే తోపుడుబండి మీద నిలబెట్టి గీత చుట్టూ తిప్పారు. కొబ్బరికాయ బండి చక్రానికి కొట్టారు. తర్వాత అభివృద్ధి అంతా చక్రాల మీదే సాగింది. స్వాగత ద్వారం ఒక ట్రాక్టరు మీద. సిమెంటు బెంచీలూ పూలకుండీలూ ఇంకో ట్రాక్టరు మీద. నడక బాట కోసం మూడు ట్రక్కుల్ని వరసగా ఒక ట్రాక్టరు వెనక కట్టి పైన ఎర్రమట్టి పోశారు. షుగరున్న వాళ్లు నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచేవాళ్లు. ట్రాక్టరు మలుపు తిరిగితే ఒకరినొకరు పట్టుకునేవాళ్లు. ఒకసారి డ్రైవరు డీజిలు కోసం బంకుకు పోతే, పైన నడుస్తున్న ఆరుగురూ బంకు దాకా పోయి వచ్చారు.

"మా ఉద్యానవనం అడిగిన వాళ్ల ఇంటి ముందుకే వస్తంది పెద్దమ్మా! నీకు కావాలంటే చెప్పు, రేపు మీ వీధికి తోలిస్తా," అంది అనసూయ నాతో. మంచి పిల్లే. గొడ్లున్న ఇంట పుట్టింది.

"నాకు ఉద్యానవనం వద్దు తల్లీ, నా గేదెను తోలియ్యి చాలు. దానికి రోజులు దగ్గర పడ్డాయి."

అనసూయ గొంతు తగ్గించింది. "చూస్తానే ఉండా. పొదుగు దిగింది. కానీ సంరక్షణ నా శాఖ కాదే. మీ నారాయణను అడుగు."

నారాయణను అడిగాను. అతను దైవాధీనం గారిని అడిగాడు. దైవాధీనం గారు నన్ను పిలిపించాడు.

"ఏమ్మా, సదరు గేదె ఈనబోతున్నదని తెలిసింది. నిజమేనా?"

"నిజమే సార్."

"పట్టికలో గేదె ఒకటి అని ఉంది. ఈనితే రెండవుతాయి. ఇది సంరక్షణ నిబంధనకు విరుద్ధం. వాయిదా వేసుకునే అవకాశం ఉందా?"

"నా చేతుల్లో లేదు సార్."

"మరి ఎవరి పరిధిలో ఉంది?"

ఆయన వెక్కిరించడం లేదు. కలం తెరిచి పెట్టుకున్నాడు. పశువుల డాక్టరుకు జాబు రాశాడు, ఉమ్మడి ప్రయోజనాల దృష్ట్యా సదరు ప్రసవాన్ని తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు నిలిపివేయగలరని. డాక్టరు దాని వెనకనే రాసి పంపాడు, ఈ విషయంలో మా శాఖకు అధికారం లేదు, దూడను సంప్రదించగలరని. దైవాధీనం గారు ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైలులో పెట్టించాడు.

తర్వాతి సభలో అనసూయ లేచి, దూడ పుడితే అది అభివృద్ధి కిందికి వస్తుందనీ, తంగెడుమూడికి చెందుతుందనీ అంది. గేదె సంరక్షణలో ఉండగా దూడ అభివృద్ధిలోకి ఎలా పోతుందని నారాయణ బెంచీ మీద చరిచాడు. మొదటి జున్ను ఎవరికి పంచాలనే దాకా పోయింది. మా వైపు జున్నుపాలు అమ్మరు, వీధి వీధంతా పంచుతారు. ఏ వీధి, ఏ ఊరి వీధి అని రెండు పంచాయతీలూ ఉపసంఘం వేశాయి. ఈనేది నా గేదె అని నేను మూడుసార్లు అన్నాను. నేను మాట్లాడటం ఫోటోలో లేదు కాబట్టి రిజిస్టరులో ఎక్కలేదు.

ఇన్ని పనుల మధ్య దైవాధీనం గారికి నిద్ర పట్టనివ్వనిది పద్నాలుగో అంశం. మిగిలినవన్నీ దొరికాయి, ఆఖరికి ఏదో ఒక కొంగ కూడా దొరికింది. పొద వెనక పురుషుడు దొరకలేదు. రెండూళ్లూ చెంబు పట్టుకుని ఆరుబయట ఎవరూ కూర్చోని ఊళ్లుగా బోర్డు పెట్టించుకున్నవి. నేనే ఆ మనిషినని ఎవరు ఒప్పుకుంటారు?

"మా ఊళ్లో అట్టాంటి వీపు లేదు సార్," అన్నాడు నారాయణ.

"మా ఊళ్లో మగాళ్లందరి వీపులూ నాకు తెలియవు గానీ, ఇది మాది కాదు," అంది అనసూయ.

"పోనీ ఒక బండరాయి పెడదామా సార్? చొక్కా తొడిగి?" అన్నాడు పోలయ్య.

"ప్రతిరూపాలు చెల్లవు!" అని అరిచాడు దైవాధీనం గారు. "అసలు వ్యక్తి రావాలి. వచ్చి కూర్చోవాలి. అతడు కూర్చోనంత వరకు సంరక్షణ అసంపూర్ణం! ఇంత బాధ్యతారహితమైన పౌరుణ్ణి నేను నా సర్వీసులో చూడలేదు!"

మనిషి తన వీపును తాను ఎప్పుడు చూసుకున్నాడు గనక.

ఆ వీపును పెద్దది చేయించి పది అడుగుల ఫ్లెక్సీ వేయించారు. ఈయన ఎవరో తెలిపిన వారికి సన్మానం చేయబడును అని కింద రాయించారు. బస్సు ఆగే చోట కట్టారు. చుట్టూ పుట్టినరోజు ఫ్లెక్సీలు ఉండటం వల్ల పరాయి ఊళ్ల వాళ్లు ఎవరో నాయకుడనుకుని దండం పెట్టుకుని బస్సెక్కేవాళ్లు. రెండు రోజులకు ఎవరో దండ కూడా వేశారు.

"ఆ చొక్కా ఎక్కడో చూసినట్టుందే వదినా," అంటుంది నాంచారమ్మ రోజూ.

"చూసే ఉంటావులే," అంటాను.

పరిశీలక బృందం వచ్చే రోజు ఖాయమైంది. రాజధాని నుంచి ముగ్గురు. వాళ్లు వచ్చేసరికి ప్రతి అంశం దాని చోటులో ఉండాలి. నేను తట్టతో పాదాల గుర్తుల్లో నిలబడ్డాను. ముసలాళ్లు పేకలు పట్టారు. కొంగను కాలికి దారం కట్టి రంగి వీపు మీద పెట్టారు. చుట్టూ స్వాగత ద్వారం, ఉద్యానవనం, నడక బాట, శిలాఫలకం హారన్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాయి. రంగి మాత్రం తోక ఎత్తి, లేచి పడుకుని, పడుకుని లేస్తోంది. నాకు నలభై అడుగుల అవతల నుంచే తెలిసిపోయింది.

ట్రాక్టరు మీద కట్టిన వేదిక ఎక్కి దైవాధీనం గారు మైకు అందుకున్నాడు. "గౌరవనీయ పరిశీలకులారా! పదిహేడు అంశాలలో పదహారింటిని మేము యథాతథంగా నిలబెట్టాము..."

రంగి అరిచింది. అట్లా అది ముందెప్పుడూ అరవలేదు. వెనక ఒక గిట్ట కనపడింది. ఒకటే. రెండోది లోపల మడత పడింది. అట్లాంటప్పుడు చెయ్యి పెట్టి సరిచేసి లాగకపోతే దూడా దక్కదు, తల్లీ దక్కదు. నేను ఒక అడుగు వేశాను.

"పదకొండో అంశం కదలరాదు!" అని మైకులో వినపడింది.

"సార్, దూడ అడ్డం పడింది!"

"పరిశీలకులు చూస్తున్నారు! నీ స్థానంలో నిలబడు! ఇప్పటికే ఒక అంశం గైర్హాజరు!" అని దైవాధీనం గారు, బస్సు ఆగే చోటి నుంచి తెచ్చి వేదిక వెనక కట్టిన ఆ వీపు ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపిస్తూ, మాకు వీపు తిప్పి నిలబడ్డాడు. నీలం గళ్ల చొక్కా. అదే చొక్కా. మెడ కింద అదే చెమట మరక. ఫ్లెక్సీలో పెద్ద వీపు, దాని ముందు చిన్న వీపు.

నాంచారమ్మ చేతిలో విసనకర్ర జారిపోయింది. "ఓరి నాయనో!"

అప్పుడిక మర్యాద నా వల్ల కాలేదు.

"పదకొండు కదలదు సార్! పద్నాలుగు వచ్చి తన చోట కూర్చుంటే పదకొండు అస్సలు కదలదు. పదండి, పొద అట్టాగే ఉంది, మీరు పోయి కూర్చోండి!"

"ఏమిటా మాటలు? ఆధారం ఉందా?"

"చెంబు నాది సార్! పొట్ట పట్టుకుని అడిగితే ఇచ్చింది మీకే. ఏదీ వదలొద్దు, ఉన్నది ఉన్నట్టు పడాలన్నారు. డ్రైవరు వదల్లా."

డ్రైవరు జీపులోంచి తల బయట పెట్టాడు. "అవునండి. మంచి వెలుతురుంది సార్ ఆ రోజు. బాగా వచ్చింది."

పరిశీలకులు ముగ్గురూ ఫ్లెక్సీని చూశారు, ఆయన్ను చూశారు, పట్టికలో పద్నాలుగో అంశం పక్కన గుర్తు పెట్టుకున్నారు. ఒకాయన చాలా మర్యాదగా, "మరి కూర్చుంటారా?" అని అడిగాడు.

ఆ తర్వాత వేదిక మీద ఏం జరిగిందో నేను చూడలేదు. తట్ట వదిలేసి పరుగెత్తాను. నా వెనక అనసూయ పట్టుచీర కుచ్చిళ్లు ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చింది. నారాయణ చిక్కం తెంపి పారేసి రంగి తల ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చెయ్యి పెట్టి మడత పడిన కాలు సరిచేశాను. "లాగవే పెద్దమ్మా, లాగు, అది ముక్కినప్పుడే లాగు," అని అనసూయ. సంరక్షణా అభివృద్ధీ కలిసి పని చేయడం నేను అదొక్కసారే చూశాను. దూడ జారి గడ్డి మీద పడింది. పెయ్యదూడ. తల విదిలించి తుమ్మింది. వృద్ధులు నలుగురూ పేకలు గాల్లోకి ఎగరేశారు. కొంగ దారం తెంపుకుని తంగెడుమూడి వైపు పోయింది.

అప్పటికి మైకులో ఉత్తర్వు వెలువడుతోంది. దైవాధీనం గారు ఫ్లెక్సీకి అడ్డంగా నిలబడి చదువుతున్నాడు.

"ఇందుమూలంగా యథాతథ స్థితి పట్టికలో ప్రాణమున్న అంశాలన్నిటినీ తక్షణం తొలగించడమైనది!"

"గడ్డికి కూడా ప్రాణముంటదంట గదా సార్?" అని బసవయ్య అరిచాడు.

"గడ్డినీ తొలగించడమైనది! పొదనూ తొలగించడమైనది! ముఖ్యంగా పొదను!"

అలా రంగి ఇంటికి వచ్చింది. గొడ్లన్నీ మళ్లీ బీడులో మేస్తున్నాయి. జున్ను రెండూళ్లకూ పంచాను, ఉపసంఘం ఇంకా కూర్చునే ఉంది, వాళ్లకూ పంపాను. దైవాధీనం గారికి డ్రైవరు చేత స్టీలు గిన్నెలో పంపిస్తూ, ఆయన పొట్ట సంగతి తెలుసు కాబట్టి కొంచెం కొంచెంగా తినమని చెప్పమన్నాను.

చెంబు మాత్రం రాలేదు. దానికి ప్రాణం లేదు. కాబట్టి పదిహేనో అంశం పట్టికలో అట్లాగే ఉంది. సంరక్షించడానికి వేరే ఏమీ మిగలక మా పంచాయతీ దాని చుట్టూ ఇనుప కంచె కట్టి, పోలయ్య కుర్చీని అక్కడికి మార్చింది. అభివృద్ధి చేయడానికి వేరే ఏమీ మిగలక తంగెడుమూడి పంచాయతీ స్వాగత ద్వారాన్నీ బెంచీలనూ ట్రాక్టర్లతో సహా దాని చుట్టూ నిలబెట్టింది. నేను రోజూ దాన్ని చూసుకుంటూ పోయి, రంగి పొదుగు ప్లాస్టిక్ మగ్గుతో కడుగుతున్నాను.

మొన్న మంగళవారం ఇంకో జీపు వచ్చి ఆగింది. కొత్త ఆఫీసరట, బీళ్లు చూడటానికి బయల్దేరాడట. దిగీ దిగగానే ఒక చేత్తో పొట్ట పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, చెంబుందా?"

"ఉంది సార్. అదిగో, ఆ ద్వారం లోపల, కంచెలో. రెండు పంచాయతీల తీర్మానాలూ పట్టుకురండి, ఇస్తారు."